గుట్ట కింది సొరంగం, ఆప్షన్ బి

తాతను కసురుకునుడు దివ్యశ్రీకి కొత్త గాదు. అమీర్‌పేటల హాస్టల్ రూము, కోచింగ్ సెంటరు, మళ్ల హాస్టల్ రూము, గిట్ల ఆరేండ్లు గడిపింది. ఐతారం వస్తె బోరబండల ఇంటికి పోతది, ఇంత తిని వస్తది. పోయిన ప్రతిసారి తాత రాజనర్సయ్య గడప మీద కూసోని గదే ముచ్చట ఎత్తుకుంటడు. ఎర్రమంజిల్ గుట్ట కింద సొరంగముండె బిడ్డా, అండ్లకెల్లి రాళ్ల బండి నడుస్తుండె, నేను, మా తమ్ముడు ఎల్లయ్య అండ్ల గ్యాంగ్‌మన్లం, పట్టాలు సూసుకునుడే మా పని, అరవయ్యొకటిల కప్పు కూలింది, ఎల్లయ్య అండ్లనే ఉండిపోయిండు, గా దినంతోనే లైను బందువడ్డది. గీమె ఏమంటదో తెలుసా? "యాభై ఆరుల బందైంది తాతా. పుస్తకంల ఉన్నది. తెల్వకుంటె ఊకో."

ఊకో అన్నది. తమ్మున్ని పోగొట్టుకున్న మనిషిని పట్టుకోని.

పుస్తకమంటె ఏం పుస్తకమనుకున్నరు? ఫణీంద్ర సార్ రాసిన పదివేల బిట్ల పుస్తకం. సార్‌ది కాకినాడ దిక్కు. ఇరవై ఏండ్ల కింద అమీర్‌పేటకు వచ్చి చరిత్ర చెప్పుడు మొదలువెట్టిండు, ఇయ్యాల మైత్రివనం చుట్టుపక్కల ఆయన ఫోటో లేని గోడ దొరకదు. పుస్తకం ఇరవై రెండోసారి అచ్చైంది. దేవుణ్ని నమ్మని పోరగాండ్లు సుత గా పుస్తకం మీద ఒట్టేస్తరు. క్లాసుల సార్ ఎప్పుడు ఒక్కటే మాట చెప్తడు. "పరీక్షలో నిజం రాయకండి నాన్నా. కీలో ఏముంటుందో అది రాయండి." క్లాసంత చప్పట్లు. దివ్యశ్రీ చప్పట్లు కొట్టుడే గాదు, నోట్‌బుక్కు మొదటి పేజీల రాసుకున్నది సుత. ఒకపారి క్లాసుల లేచి, "మా తాత గా లైన్లనే పన్జేసిండు సార్, అరవయ్యొకటి అంటడు" అని చెప్పి అందర్ని నవ్వించింది. ఆమె సుత నవ్వింది.

ఇగ సర్కారు నౌకరి పరీక్షల గదే బిట్టు వచ్చి కూసున్నది. ఎర్రమంజిల్ గుట్ట కింది సొరంగ రైలుమార్గం ఏ సంవత్సరంలో మూతపడింది? ఏ 1948, బి 1956, సి 1961, డి 1969. దివ్యశ్రీ చెయ్యి ఒక్క నిమిషం ఆగింది. తాత సి అంటున్నడు, పుస్తకం బి అంటున్నది. తాతకు సదువు రాదు, సంతకం సుత రాదు. పుస్తకానికి ఇరవై రెండు ముద్రణలున్నయి. బి దిద్దింది.

వారం దినాలకు బోర్డు జవాబుల కీ పెట్టింది. సి.

ఎవలో పుణ్యాత్ముడు పాత రికార్డు తీసి సూసినట్టున్నడు. మంచిగైంది, పోరికి బుద్ధొచ్చింది అందామంటె, అట్ల అననిచ్చేటట్టు లేదు ఆమె కథ. గీ కీ లెక్కన ఆమెకు వచ్చినయి తొంభై ఏడు మార్కులు. తొంభై ఎనిమిది వస్తెనే నౌకరి అని కోచింగ్ సెంటర్లన్నీ ఒక్క నోటితోని చెప్తున్నయి. పోయినసారి సుత ఒక్క మార్కుతోనే పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు, వచ్చే పరీక్షనాటికి వయసు దాటిపోతది, రాద్దామన్నా రానియ్యరు. ఇదే ఆఖరు. ఆరేండ్ల సంది తండ్రి బిల్డింగు పనులల్ల నెత్తి మీద ఇటికెలు మోసి ఆమెను సదివిస్తున్నడు. గిదంత ఇప్పుడు ఒక్క బిట్టు మీద నిలవడ్డది.

కీ తప్పు అనుకునేటోళ్లు శుక్రారం సాయంత్రం అయిదింటి లోపల ఆధారంతోని ఆన్‌లైన్‌ల అభ్యంతరం పెట్టుకోవాలె. కీ తప్పు అని చెప్పెటందుకు అండ్ల జాగ ఉన్నది. కీ కరెక్టే, మార్చకున్రి అని చెప్పెటందుకు జాగ లేదు. అంటె సొరంగం దిక్కు మాట్లాడేటోడు ఎవడన్న ఉన్నా, వాని మాట ఏసుకునే డబ్బా లేదన్నట్టు.

బుధారం ఫణీంద్ర సార్ పిలిచిండు.

"ఏంటమ్మా, మీ తాతగారు బతికే ఉన్నారా?" అన్నడు. మంచి చెడ్డ ఏం లేదు, నేరుగ గదే మాట. "నాలుగొందల మంది చేత అభ్యంతరాలు పెట్టిస్తున్నాను. అందరూ నా పుస్తకమే జతచేస్తున్నారు. నా పుస్తకానికి నా పుస్తకమే సాక్ష్యం అంటే ఎవడు ఒప్పుకుంటాడు? మనిషి కావాలి. లైన్లో పనిచేసిన మనిషి. ఆయన వేలిముద్రతో ఒక్క అఫిడవిట్ పడితే కీ మారుతుంది, మీకు మార్కొస్తుంది."

"మా తాత అరవయ్యొకటి అంటడు సార్."

"అంటాడమ్మా. పెద్దాయన కదా, మీరు చెప్తే వింటాడు. రేపు సొరంగం చూపించమని తీసుకురండి. లోపల ఏదైనా పాత రాయి కనిపిస్తే ఫోటో కూడా తీసుకుందాం."

దివ్యశ్రీ గా రాత్రే ఇంటికి ఫోన్ చేసింది. "తాతా, రేపు సొరంగం సూపెడ్తవా?" అన్నది. కాయిదం సంగతి ఎత్తలే. తాత, "ఆరేండ్లకు యాదికొచ్చిన్నానే నీకు?" అని తిట్టి ఫోన్ పెట్టేసిండు. ఎనభై మూడేండ్ల మనిషి, పొద్దుగాల ఆమె పోయేసరికి ఉతికిన అంగీ ఏసుకోని, గడ్డం గీసుకోని, కట్టె పట్టుకోని గల్లీ మూలకు నిలవడి ఉన్నడు. ఆటోల కూసున్నంక గాని ఆమెకు సిగ్గనిపించలే. అనిపించినా సుత నోరు తెరవలే.

ఎర్రమంజిల్ సర్కారు క్వార్టర్ల ఎనుక గోడ కూలిన జాగల్నుంచి కిందికి దిగాలె. అంత సర్కారు తుమ్మ, చెత్త, పాత కమోడ్లు. ఫణీంద్ర సార్ తెల్లబూట్లు చేతుల పట్టుకుందామా, కాళ్లకే ఉంచుకుందామా అని తన్లాడుతున్నడు. తాత మాత్రం కట్టెతోని కొమ్మలు పక్కకు నూకుకుంట ముందట నడిచిండు, ఒక్కసారి సుత తొవ్వ అడగలే. కొమ్మలెనుక రాతి కమాను బయటపడ్డది. ఇద్దరు మనుషులంత ఎత్తు. మీద మసి ఇంక అట్లనే ఉన్నది.

"సూడు," అన్నడు తాత. "యాభై ఆరుల బందైందట. సూడు."

లోపల మోకాలి కిందిదాంక మోరీ నీళ్లు. గబ్బిలాల కంపు ముక్కులు పగలగొడుతున్నది. పట్టాలు ఎన్నడో ఎత్తుకపోయిన్రు, పట్టాల కింది అడ్డకట్టెలు సుత లేవు, అవి ఉన్న జాగల కింద నేల గుంటలు గుంటలుగ కాలికి తగులుతున్నది. గుట్ట మీదికెల్లి మెట్రో పోయినప్పుడల్లా కప్పు నుంచి సన్నగ దుమ్ము రాలుతున్నది. దివ్యశ్రీ రెండుసార్లు కాలు జారి గోడ పట్టుకున్నది. పరీక్ష కోసం ఎన్నో సొరంగాల పొడుగులు బట్టీ పట్టిందిగాని, సొరంగంల కాలు పెట్టుడు గిదే మొదటిసారి.

సార్ ఫోన్ లైటు ఏసి వీడియో తీసుకుంట మాట్లాడుతున్నడు. "మిత్రులారా, నిజాం కాలంనాటి రహస్య సొరంగంలోకి మనం ఇప్పుడు…"

"రహస్యమేంది?" అని కసిరిండు తాత. "రాళ్లు మోసినం. గుట్ట అవుతల రాళ్లు కొట్టేది, డబ్బాలల్ల ఏసి గీండ్లకెల్లి తెచ్చేది. నగరంల సగం బంగ్లాల కింద మేం మోసిన రాయే ఉన్నది. రహస్యం గిహస్యం అంటె కట్టె ఇరుగుతది."

సార్ వీడియో బంద్ పెట్టిండు.

గోడలల్ల అక్కడక్కడ మనిషి పట్టేటంత గూళ్లున్నయి. తాత ఒకదాని ముందట ఆగిండు. బండి వస్తె గ్యాంగ్‌మన్లు గీ గూళ్లల్లకు దుంకి, ఈపు గోడకు ఆనిచ్చి నిలవడేటోళ్లట. ఎవని గూడు ఏదో వానికి చీకట్ల సుత ఎర్కనట. "గిది నాది. గా ఎదురుంగ ఉన్నది ఎల్లయ్యది. బండి పోయేదాంక నా దిక్కు సూసి ఎక్కిరిచ్చేటోడు లుచ్చగాడు." చెప్పుకుంటనే తాత గా గూట్లెకు ఎక్కి నిలవడ్డడు, ఈపు ఆనిచ్చిండు. దివ్యశ్రీకి ఎదురు గూడు సూడబుద్ధి గాలే, నీళ్లు సూసింది.

పని ఎట్ల చేసేటోళ్లో సుత తాతనే చెప్పిండు. పొద్దుగాల బండి రాకముందే సుత్తె పట్టుకోని కప్పు రాళ్లు ఒక్కొక్కటి కొట్టుకుంట పోయేటోళ్లు. రాయి టంగుమంటె గట్టిగున్నట్టు. డొల్ల మోత వస్తె మేస్త్రికి చెప్పాలె. "వారం సంది డొల్ల మోగుతున్నదని చెప్పినం. నేను చెప్పిన, ఎల్లయ్య చెప్పిండు. బండి ఆపితె ఎవడు జవాబు చెప్తడన్నడు మేస్త్రి. ఎనిమిదో దినం వానలు కొట్టినయి. నాకు గా దినం జరమొచ్చింది. నా జాగల సుత వాడే పోయిండు."

గీ ముక్క ఆరేండ్లల్ల ఎన్నడు చెప్పలే తాత. చెప్పేదాంక ఈమె ఇన్నదెప్పుడు?

ఇంకో రెండొందల అడుగులు పోయినంక గోడ అడ్డం వచ్చింది. కింది నుంచి మీదిదాంక సిమెంటు గోడ. తాత కట్టె కింద పడేసి రెండు చేతులు గోడకు ఆనిచ్చిండు. ఎల్లయ్యతోని కలిపి ఆరుగురు గోడ ఎనుకనే ఉన్నరట. మన్ను తీస్తె గుట్టంత కిందికి దిగుతదని భయపడి తీయకుంటనే మూసిన్రట. సిమెంటు పచ్చిగున్నప్పుడు, నాలుగో తరగతి సదివినోడు ఒకడు గ్యాంగుల ఉంటె, వాడు మేకుతోని పేర్లు గీసిండట.

"మూడో పేరు సదువు," అన్నడు తాత.

దివ్యశ్రీ లైటు ఏసింది. అక్షరాలు వంకరటింకరగ ఉన్నయిగని మంచిగనే కనవడుతున్నయి. "ఎల్లయ్య. పదిహేడేండ్లు."

"మళ్ల సదువు."

మళ్ల సదివింది. పేర్ల కింద తారీఖు ఉన్నది. 12-8-61.

ఫణీంద్ర సార్ సుత సూసిండు తారీఖును. సూసి, గొంతు సవరిచ్చుకోని, "ఇది గోడ కట్టిన తేదీ అమ్మా. లైను మూసిన తేదీ అని ఎక్కడా లేదు కదా," అన్నడు. ఫోటో తీయలే.

దివ్యశ్రీకి ఒళ్లు మండింది. "మరి మీకు యాభై ఆరు యాడ దొరికింది సార్?"

సార్ నవ్విండు. దాచుకునుడు లేదు, సిగ్గు లేదు. "ఎక్కడా దొరకలేదమ్మా. మొదటి ముద్రణ అచ్చుకి వెళ్లిపోతోంది, సంవత్సరం దొరకలేదు. ఖాళీ వదలలేం కదా. యాభై ఆరు అంటే రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం, పిల్లలకి ఈజీగా గుర్తుంటుందని వేసేశాను. ఇన్నేళ్లలో ఒక్కడు కూడా అడగలేదు."

గుర్తుంటదని ఏసిండు! ఆరేండ్లు తాత నోరు మూయిచ్చింది గీ మాట కోసం. క్లాసుల తాతను నవ్వులపాలు చేసింది గీ మాట కోసం. గా పదివేల బిట్ల పుస్తకం చేతుల ఉంటె సార్ మొఖం మీద కొడుతుండె దివ్యశ్రీ. "మీరు మనిషేనా?" అన్నది గట్టిగ. సొరంగమంత మోగింది. గబ్బిలాలు లేచినయి.

"మనిషినేనమ్మా," అన్నడు సార్ నెమ్మదిగ. "నన్ను తిట్టండి, పడతాను. బయటికెళ్లాక ఏం చేస్తారు? నాకు ఇరవై మూడో ముద్రణ ఉంది. మీకు ఇంకో పరీక్ష ఉందా?"

గా మాట కాడ ఆగింది ఆమె కోపం. ఆగకుంటె మంచిగుండు. ఇంకో పది నిమిషాలు కోపంల ఉంటె తాత చెయ్యి పట్టుకోని బయటికి వచ్చేదేమో. కాని తొంభై ఏడు, తొంభై ఎనిమిది కండ్ల ముందట తిరిగినయి, ఇటికెలు మోసే నాయిన తిరిగిండు, ముప్పై నాలుగేండ్ల తన మొఖం తిరిగింది. అన్ని కలిసి నోరు నొక్కినయి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటె చుట్టకు నిప్పు అడిగినట్టు, సార్ గప్పుడే సంచిల్నుంచి కాయిదం, ఇంకుడబ్బా తీసిండు. ఆయన తీసిండు సరే. అందుకున్నది మాత్రం దివ్యశ్రీ.

"గదేంది?" అన్నడు తాత.

సదివి ఇనిపిచ్చింది. రాజనర్సయ్య అను నేను, వయసు ఎనభై ఎనిమిది…

"నాకు ఎనభై మూడు."

"యాభై ఆరుల నువ్వు పన్జేసినట్టు రావాలె కద తాతా."

మిగిలింది సుత సదివింది. 1956 తర్వాత సదరు సొరంగంలో రైలు నడవలేదు, ఎవరూ పని చేయలేదు అని నాకు స్వయంగా తెలుసు. సదివేటప్పుడు తల ఎత్తలే. తాతకు అర్థమయ్యేటందుకు జరసేపు పట్టింది. అర్థమైనంక గోడ మీది చేతులు తీసి, ఆమె దిక్కు తిరిగిండు.

"గిందుకు తోలుకొచ్చినవా నన్ను?"

"తాతా, ఒక్క మార్కు."

"థూ నీ బతుకు చెడ! ఎవలూ పని చేయలేదంటె వీడెవడే? గీ ఆరుగురు ఎవలే? తమ్ముడు గీడ, గీ గోడెనుక ఉంటె, వాని ముందట నన్ను గిది చెప్పమంటవా? నీకు సదువెందుకు చెప్పిచ్చిన్రే?"

"కొంచెం ప్రశాంతంగా పెద్దాయనా," అన్నడు సార్.

"నువ్వు నోరు మూసుకో. ఇది మా ఇంటి లొల్లి."

దివ్యశ్రీ అప్పుడన్నది. నాకైతె చెప్పాలంటెనే నోరు రాదు, కని ఆమె అన్నది. "సచ్చినోనికి నౌకరి అక్కర లేదు తాతా. బతికున్నదాన్ని నేను. ఆయన పేరు ఎవలకన్న ఎర్కనా? ఒక్క నీకు తప్ప ఎవలకన్న కావాల్నా?"

మీదికెల్లి మెట్రో పోయింది. దుమ్ము రాలి తాత నెత్తి మీద, భుజాల మీద పడ్డది, దులుపుకోలే. ఆమెను గట్ల సూస్తనే ఉన్నడు. ఎవనికో ముల్లె మోసి మోసి యాడ దించాల్నో తెల్వనోని తీరుగ అయింది మొఖం. బతికున్నదాని మొఖం, సచ్చినోని గోడ, రెండింటి నడుమ ముసలోడు. ఏం చేస్తడు? మనుమరాలు గదా.

"తే," అన్నడు.

ఇంకుడబ్బా పట్టింది దివ్యశ్రీ. కాయిదం కింద సార్ ఫైలు పట్టిండు. తాత మణికట్టు ఆమెనే పట్టుకోని బొటనవేలు ఒత్తిచ్చింది. ముద్ర మంచిగ పడ్డది. బయటికి వచ్చేటప్పుడు తాత తొవ్వ సూపెట్టలే, ఎనుకనుంచి నడుసుకుంట వచ్చిండు.

శుక్రారం నాలుగ్గంటలకు అమీర్‌పేట నెట్ సెంటర్ల కాయిదం ఎక్కిచ్చింది. నెల దినాలకు ఫైనల్ కీ వచ్చింది. బోర్డోళ్లకు ఒకదిక్కు పాత రికార్డు, ఒకదిక్కు గ్యాంగ్‌మన్ యేలుముద్ర. ఎందుకొచ్చిన కిరికిరి అనుకున్నరో ఏమో, గా బిట్టే తీసేసి అందరికి ఒక్క మార్కు కలిపిన్రు. దివ్యశ్రీకి తొంభై ఎనిమిదైనయి. హాస్టల్ల అందరికి స్వీట్లు పంచింది, సార్ కాళ్లు మొక్కింది. గా సంబురం ఎన్ని దినాలు? తొమ్మిది దినాలు. ఫణీంద్ర సార్ పుస్తకం సదివి బి దిద్దినోళ్లు ఆమె ఒక్కతేనా? వేల మంది. అందరికి ఒక్కొక్క మార్కు పెరిగింది. కటాఫ్ సుత ఒక మార్కు పెరిగి తొంభై తొమ్మిది కాడ ఆగింది. లిస్టుల ఆమె నంబరు లేదు. మీదికెల్లి కిందికి, కిందికెల్లి మీదికి ఎన్నిసార్లు సూసినా లేదు.

సామాను సదురుకోని బోరబండకు వచ్చింది. తాత ఏమన్న తిడ్తడేమో, తిడితె బాగుండు అనుకున్నది. తిట్టలే. మార్కు సంగతి అడగలే, సొరంగం ముచ్చట ఎత్తలే. గడప మీద కూసుంటడు, అన్నం పెడితె తింటడు.

పెత్రమాస వచ్చింది. సచ్చిపోయిన పెద్దల పేరు మీద అయ్యగార్లకు బియ్యం ఇచ్చే దినం. ఏటా తీరుగనే బల్కంపేట గుడి కాడికి పోయిన్రు తాత, మనుమరాలు. నాలుగు ఇస్తర్లల్ల బియ్యం, పప్పు, పొట్లకాయ, చింతపండు దివ్యశ్రీనే సదిరింది. లైను పెద్దగున్నది. వీళ్ల వంతు వచ్చినంక అయ్యగారు పేర్లు చెప్పమన్నడు.

"మా నాయిన నాగయ్య," అన్నడు తాత. ఒక ఇస్తరి ఇచ్చిండు. "మా అవ్వ లచ్చవ్వ." ఇంకోటి. "నా పెండ్లాం సీతాబాయి." ఇంకోటి.

"ఇంకెవరైనా ఉన్నారా?"

తాత నాలుగో ఇస్తరి దిక్కు చెయ్యి సాపలే. మర్సిపోయిండేమో అనుకున్నది దివ్యశ్రీ. "ఎల్లయ్య తాత," అన్నది.

"ఎవలు?"

"మీ తమ్ముడు తాతా. సొరంగంల…"

తాత ఆమె దిక్కు తిరిగిండు. కోపం లేదు మొఖంల. క్లాసుల పాఠం అప్పజెప్పినట్టు చెప్పిండు. "యాభై ఆరుల మూతపడ్డ సొరంగంల అరవయ్యొకటిల ఎవడు సస్తడే? పుస్తకంల ఉన్నది. నేను యేలుముద్ర ఏసిన." మళ్ల అయ్యగారి దిక్కు తిరిగి, "ఇగ ఎవలు లేరు అయ్యగారూ. గంతే," అన్నడు.

అయ్యగారు ఎనుక నిలవడ్డోళ్లను రమ్మన్నడు. నాలుగో ఇస్తరి దివ్యశ్రీ చేతులల్లనే ఉన్నది.